ఋతుదిన గణనము: సంతాన నియమమునకును సంతాన ప్రాప్తికిని దాని యుపయోగము
పురపాలక, తాలూకా ఉద్యోగుల కొరకైన యుపన్యాస పాఠము



స్త్రీల ఋతుక్రమమును దినములచే లెక్కించి, గర్భము నిలుచు దినము లివి, నిలువని దినము లివి యని నిర్ణయించుకొను పద్ధతిని గూర్చి కొన్ని సంగతులు తమ యెదుట నుంచుట ఈ యుపన్యాసమునకు ఉద్దేశము. ఇది వైద్యులకు సంబంధించినదే కాని కచేరీ యుద్యోగులకు దీనితో పని లేదని కొందరు తలపవచ్చును. కాని జనన మరణముల రిజిష్టరులు తమ కార్యాలయములలో నున్నవి. వార్డులలో కరపత్రములు పంచుట, ప్రసూతి కేంద్రముల గోడలపై ప్రకటనలు వ్రాయించుట, ఆశా కార్యకర్తలకును దాదులకును సమావేశములు కూర్చుట, ఇవన్నియు తమ యనుమతితోను తమ సహాయముతోను జరుగుచుండును. ఆ కరపత్రములో నొక అంకె తప్పు పడెనేని, దానిని నమ్మిన కుటుంబమునకు వచ్చు నష్టము ఒక యచ్చుతప్పుతో పోవునది కాదు. అప్పటికే ముగ్గురు బిడ్డలను కని రక్తహీనతతో నున్న స్త్రీకి నాలుగవ గర్భము నిలుచును. లేక పెండ్లియై యైదేండ్లు గడచినను బిడ్డలు లేని దంపతులు ఫలింపని దినములనే యెన్నుకొని మరి రెండేండ్లు పోగొట్టుకొందురు.

లెక్క యొక్కటే యైనను ప్రయోజనములు రెండు. బిడ్డలు వద్దనుకొనువారు ఏ దినములను విడువవలెనో, బిడ్డలు కావలెననుకొనువారు ఆ దినములనే వినియోగించుకొనవలెను. కావున ఈ విషయమును కుటుంబ నియంత్రణమను శీర్షిక క్రింద మాత్రమే చేర్చుట సరికాదు. గ్రామములలో ఈ మాట మొదలిడినచో, వినుటకు ముందుగా వచ్చువారు తరచుగా బిడ్డలు లేనివారే.

మన యిండ్లలో ఈ లెక్కకు కావలసిన యాచారము లేకపోలేదు. బాలిక మొదట పుష్పవతియైనపుడు తిథి, వార, నక్షత్రములతో గూడ ఘడియ విఘడియలు వ్రాసికొని పంచాంగములోని ఫలమును చూచుకొను కుటుంబములు పెక్కు గలవు. ఆ ఒక్క దినమును అంత శ్రద్ధతో వ్రాసినవారు అటుపిమ్మట ముప్పది యైదేండ్లపాటు వచ్చు దినములలో నొక్కదానినైనను వ్రాసియుంచరు. అడిగినచో, "పోయిన యేకాదశికి ముందు" అనియో, "సంక్రాంతి వెళ్లిన మూడవనాడు" అనియో చెప్పుదురు. ఈ జ్ఞాపకము అక్కరకు రానిది కాదు. తిథి తెలిసినచో తేదీని పంచాంగమునుండి తీయవచ్చును. అయినను గోడమీద పాలలెక్క వ్రాసికొను కాలెండరుపైననే నెలకొక సున్న చుట్టుట అంతకంటె సులభము, నమ్మదగినదియును.

ఆచారమున నున్న పొరపాట్లు రెండు. మొదటిది, లెక్కను స్నానమునాటినుండి మొదలిడుట. నాలుగవనాటి స్నానముతో మైల పోవుననెడి భావము చేత, దానినే ఒకటవ దినముగ నెన్నుట అనేకులకు అలవాటు. వైద్యశాస్త్రము నందు రక్తము కనబడిన మొదటి దినమే ఒకటవ దినము. ఇట్లు మూడు దినములు వెనుకబడిన లెక్కతో ఎనిమిదవ దినమని స్త్రీ తలచునది నిజముగా పదునొకండవ దినమగును. ప్రమాదము అచ్చటనే యున్నది. రెండవది, స్నానమైన వెంటనే గర్భము నిలుచు ననియు, నెల నడుమకు వచ్చుసరికి భయము లేదనియు తలచుట. ధర్మశాస్త్రములలో ఋతుకాలము 16 రాత్రులని చెప్పి మొదటి నాలుగింటిని వర్జించిరి. సుశ్రుతుని మతమున నది 12 రాత్రులు. ఈ లెక్కలు నిజమునకు చాల దూరమైనవి కావు. 28 దినముల చక్రము గల స్త్రీకి ఫలప్రదమగు దినములు 16 రాత్రులలోపలనే యుండును. కాని సరి రాత్రులందు కుమారుడు, బేసి రాత్రులందు కుమార్తె యను మాటకు ఆధార మేదియు లేదు. శిశువు ఆడో మగో యనునది తండ్రి శుక్రకణముచే నిర్ణయమగును గాని రాత్రి సంఖ్యచే గాదు.

ఈ పొరపాటు మన దేశమునకే చెందినదని యెవరును చిన్నబుచ్చుకొన నక్కరలేదు. 19వ శతాబ్దమునందలి ఐరోపా వైద్యులు పశువుల యెదకాలమును చూచి, స్త్రీ ఋతుస్రావమును అట్టిదే యనియు, అండము స్రావ సమయముననే విడుదలయగు ననియు నిశ్చయించిరి. దానినిబట్టి నెల నడిమి దినములు నిరపాయములని వారు దంపతులకు బోధించిరి. అనగా సరిగా గర్భము నిలుచు దినములనే నిలువని దినములుగ చెప్పిరి. ఆ బోధను నమ్మి పుట్టిన బిడ్డల లెక్క ఏ రిజిష్టరులోను దొరకదు.

ఈ భ్రమను తొలగించిన వారిద్దరు. జపానుదేశమున నీగాతా పట్టణ వైద్యుడు క్యూసాకు ఓగినో శస్త్రచికిత్సా సమయములందు అండకోశముల స్థితిని స్వయముగ పరిశీలించి, ఆ స్త్రీలు చెప్పిన ఋతుదినములతో సరిపోల్చి, తన నిర్ణయమును 1924లో ప్రకటించెను. అండము విడుదలయగుట రాబోవు ఋతువునకు 12 మొదలు 16 దినముల ముందని ఆయన కనుగొనెను. ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నాస్ అదే కాలమున వేరు మార్గమున పరిశోధించి ఇంచుమించు ఆ నిర్ణయమునకే వచ్చెను. ఇందు ముఖ్యమగు మాట "రాబోవు ఋతువునకు ముందు" అనునది. గడచిన ఋతువునుండి ముందునకు 14 దినములు లెక్కించుట సరియని నేటికిని చాలమంది తలచుచున్నారు. చక్రము 28 దినములైనపుడు ముందు లెక్కయు వెనుక లెక్కయు ఒక్కచోటనే కలియును. 35 దినముల చక్రము గల స్త్రీకి అండము సుమారు 21వ దినమున విడుదలయగును. 14వ దినమున చూచినచో ఆమె ఇంకను వారము దూరమున నున్నది. 28 దినముల చక్రము సర్వసామాన్యమను మాటయు నిజము కాదు. 2019లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో 6 లక్షలకు పైబడిన ఋతుచక్రములను చూడగా సరాసరి 29.3 దినములు తేలెను. సరిగా 28 దినములున్నవి నూటికి 13 మాత్రమే.

గర్భము నిలుచుటకు వీలగు దినములు ఎన్ని యను ప్రశ్నకు 1995లో అమెరికాయందు విల్కాక్సు మొదలగువారు చేసిన పరిశోధన సమాధాన మిచ్చినది. గర్భము కోరుచున్న 221 మంది స్త్రీలను దినదినము పరిశీలించగా, అండము విడుదలయగు దినమును దానికి ముందరి 5 దినములును, వెరసి 6 దినములలోనే గర్భములు నిలిచినవి. విడుదలయైన అండము ఒక దినమునకు మించి నిలువదు. శుక్రకణములు మాత్రము స్త్రీ దేహమున 5 దినములవరకు జీవించి యుండగలవు. కావున అండము వచ్చినపిమ్మట జాగ్రత్తపడుట అప్పటికే ఆలస్యము. నెలలో 6 దినములే కదా, ఇది యెంత సులభము అని వినువారికి తోచును. కష్టమంతయు ఆ 6 దినము లెప్పుడు మొదలగునో ముందుగా తెలియకపోవుటలో నున్నది. ఆ పరిశోధకులే 2000లో చెప్పిన ప్రకారము, ఆ దినములు పూర్తిగా 10వ దినమునకును 17వ దినమునకును నడుమ నుండు స్త్రీలు నూటికి 30 మంది మాత్రమే. ఋతువు క్రమముగ వచ్చువారిలో సైతము ఈ దినములు ముందు వెనుక లగుచుండును.

ఇక లెక్క చేయు విధము. కనీసము ఆరు నెలలు, సాధ్యమైనచో సంవత్సరము, ప్రతి ఋతువు మొదటి దినమును వ్రాసియుంచవలెను. ఒక మొదటి దినమునుండి తరువాతి మొదటి దినమునకు ముందునాటివరకు ఎన్ని దినములో అది ఆ చక్రము యొక్క నిడివి. వానిలో మిక్కిలి చిన్నదానినుండి 18, మిక్కిలి పెద్దదానినుండి 11 తీసివేయవలెను. ఒక స్త్రీకి మిక్కిలి చిన్న చక్రము 26, మిక్కిలి పెద్దది 31 అనుకొందురు గాక. 26లో 18 పోగా 8. 31లో 11 పోగా 20. ఆమె 8వ దినము మొదలు 20వ దినమువరకు, అనగా 13 దినములు, గర్భావకాశము గలదిగా నెన్నుకొనవలెను. ఈ 18, 11 అను అంకెలు మంత్రాక్షరములు కావు. అండము రాబోవు ఋతువునకు 16 దినములకంటె ముందుగా రాదనియు, శుక్రకణములు 3 దినములు నిలుచుననియు నాడు లెక్కించిరి. ఆ రెండును కలిపిన 19వ దినము చిన్న చక్రములో 18 తీసివేయగా వచ్చును. శుక్రకణముల యాయువు 5 దినములవరకు ఉండునని తెలిసినపిమ్మట, జాగరూకులగు బోధకులు 18కి మారుగ 20 తీసివేయవలెనని చెప్పుచున్నారు. అదే విధమున చిన్న చక్రము 23, పెద్ద చక్రము 36 గల స్త్రీకి లెక్క వేసి చూచినచో 5వ దినమునుండి 25వ దినమువరకు విడువవలసి వచ్చును. అట్టి స్త్రీకి ఈ పద్ధతి చెప్పుట పద్ధతి లేదని చెప్పుటతో సమానము. ఆమెను వేరొక సాధనమునకు పంపుట న్యాయము.

ఈ పద్ధతిని ప్రభుత్వమే చేతబట్టి ప్రజలలో ప్రయోగించి చూచిన దేశము భారతదేశము. ఆ వృత్తాంతము ఉద్యోగులు తెలిసికొనదగినది. 1935 డిసెంబరులో మార్గరెట్ సాంగరు వార్ధా వచ్చి గాంధీమహాత్మునితో సంభాషించినపుడు, కృత్రిమ సాధనములను ఆయన యంగీకరింపలేదు గాని, నిరపాయ దినములకు కట్టుబడుటలో కొంత నిగ్రహమున్నది గావున దానియెడ అంత విముఖతను చూపలేదు. ఆయన శిష్యురాలగు రాజకుమారి అమృతకౌర్ స్వతంత్ర భారతమున తొలి యారోగ్య మంత్రిణి యయ్యెను. ప్రపంచారోగ్య సంస్థ సహాయమును కోరగా 1951 చివర న్యూయార్కు వైద్యుడు ఏబ్రహాం స్టోన్ వచ్చెను. ఢిల్లీలో ప్రభుత్వోద్యోగులు నివసించు లోడీ కాలనీయందును, మైసూరు సంస్థానమున బెంగుళూరునకు నైరృతి దిక్కున నున్న రామనగరమునందును ప్రయోగ కేంద్రములు తెరవబడెను. మైసూరునకు ఇది క్రొత్త కాదు. 1930లోనే ఆ సంస్థానము ప్రభుత్వ వైద్యశాలలలో సంతాన నిరోధ కేంద్రములను తెరువ నాజ్ఞ యిచ్చియుండెను.

చదువు రాని స్త్రీలకు కాలెండరు పనికిరాదు గదా యని స్టోన్ వైద్యుడు పూసలదండ నొకదానిని కల్పించెను. నిరపాయ దినములకు పచ్చ పూసలు, గర్భము నిలుచు దినములకు ఎఱ్ఱ పూసలు. దినమునకొక పూసను జరుపుచు, ఏ రంగు పూస వచ్చినదో చూచుకొని నడచుకొనవలెను. ఆలోచన చక్కనిదే. ఆచరణలో తలయెత్తిన చిక్కులు ఎవరును ముందుగా ఊహింపనివి. దీపము లేని గదిలో పచ్చపూస యేదియో యెఱ్ఱపూస యేదియో తెలియకపోయెను. అందుచే తడిమి తెలిసికొనుటకై వాని ఆకారమును మార్చవలసి వచ్చెను. కొందరు పూసలను ముందునకు మారుగ వెనుకకు జరిపిరి. దండను ధరించి పూసను జరిపినంత మాత్రమున గర్భము రాదని, దానిని రక్షరేకువలె భావించినవారును గలరని నాటి వృత్తాంతములందు చెప్పబడినది. వారిని చూచి నవ్వుటకు ముందు ఉద్యోగు లొక ప్రశ్న వేసికొనవలెను: దండ నిచ్చినవారు దాని యర్థమును ఎన్ని మారులు, ఎంత తీరికగా చెప్పిరి? భర్తకు చెప్పినవారెవరు? నేర్చుకొన సమ్మతించినవారు అనేకులు. నెలనెలకు విడువక ఆచరించినవారు కొలదిమంది. మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణమునకు 65 లక్షల రూపాయలు కేటాయింపబడినవి. క్రమముగ ప్రభుత్వము ఇతర సాధనములవైపు తిరిగెను. 1965లో గర్భాశయపు లూపు, 1968లో నిరోధ్ ప్రచారములోనికి వచ్చినవి.

పూసలదండ మాత్రము అంతటితో పోలేదు. అర్ధశతాబ్దము పిమ్మట అమెరికాయందలి జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారు దానికి మరియొక రూపమిచ్చిరి. చక్రము 26 మొదలు 32 దినములలోపల నుండు స్త్రీలకు మాత్రమే అను నియమముతో, లెక్క లేమియు లేకుండ అందరికిని 8వ దినమునుండి 19వ దినమువరకు గర్భావకాశ దినములని స్థిరపరచిరి. దండకు 32 పూసలు. ఎఱ్ఱనిది ఋతువు మొదటి దినము, తెల్లనివి 12, విడువవలసిన దినములు, తక్కినవి గోధుమవన్నె. రబ్బరు ఉంగరము నొకదానిని దినమున కొక పూసపైకి జరుపుచుందురు. తెల్లపూసలు చీకటిలో మెరయును. రామనగరపు స్త్రీలు పడిన యిబ్బందికి ఇట్లు యాబదియేండ్లకు పరిహారము దొరికినది. బొలీవియా, పెరూ, ఫిలిప్పీను దేశములలో 478 మందిపై జరిగిన పరీక్ష ఫలితము 2002లో వెలువడెను. నియమమును తప్పకుండ పాటించినచో సంవత్సరమునకు నూటికి 5 గురు, సామాన్యముగ జనులు పాటించు రీతిని లెక్కించినచో నూటికి 12 మంది గర్భవతు లయిరి. మన దేశమున ఈ దండ మాలాచక్ర మను పేరున ఉత్తర రాష్ట్రములలో కొన్నిచోట్ల పంచబడినది.

దినముల లెక్కపై మాత్రమే యాధారపడక దేహ చిహ్నములను గమనించు పద్ధతులును గలవు. అండము విడుదలయైన పిమ్మట దేహోష్ణము సెంటిగ్రేడు మానమున 0.2 మొదలు 0.5 డిగ్రీలవరకు హెచ్చి, రాబోవు ఋతువువరకు అట్లే నిలుచును. ప్రాతఃకాలమున మేల్కొనిన వెంటనే పడక విడువకముందు కొలిచి వ్రాసికొనవలెను. అయితే తెల్లవారుజామున కుళాయి వచ్చువేళకు లేచి బిందెలు పట్టు స్త్రీకి, రాత్రి నాలుగుమారులు బిడ్డకు పాలిచ్చు స్త్రీకి ఈ కొలత నమ్మదగినదిగ నుండదు. పైగా ఇది గడచినదానిని చెప్పును గాని రాబోవుదానిని చెప్పదు.

ముందుగా హెచ్చరించునది గర్భాశయ ముఖమునుండి వచ్చు స్రావము. అండము సిద్ధమగు దినములలో అది హెచ్చి, నిర్మలమై, జారుడు గలిగి, కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగును. గ్రుడ్డు ముట్టని యిండ్లలో బెండకాయ కోసినపుడు వ్రేళ్లకంటి సాగు జిగురుతో పోల్చి చెప్పినచో వెంటనే గ్రహింతురు. ఆస్ట్రేలియాలో బిల్లింగ్సు దంపతులు ప్రచారము చేసిన ఈ పద్ధతిని ప్రపంచారోగ్య సంస్థవారు 1970వ దశాబ్దపు చివర ఐదు నగరములలో పరీక్షించిరి. వానిలో బెంగుళూరు ఒకటి. చేరిన 869 మంది స్త్రీలలో నూటికి 93 మంది మొదటి నెలలోనే ఆ చిహ్నమును గుర్తింపగలిగిరి. వారిలో చదువురానివారును గలరు. అయినను సంవత్సరములో నూటికి సుమారు 22 మందికి గర్భము నిలిచినది. చిహ్నము తెలియక కాదు. తెలిసియు ఆ దినములను విడువకపోవుట వలన. ఇచ్చట నిజమైన చిక్కు బయటపడుచున్నది. ఏ దినము ప్రమాదమో భార్యకు తెలియును. ఆ రాత్రి నిర్ణయము ఆమె చేతిలో నుండదు. ఉష్ణమును, స్రావమును రెంటిని కలిపి చూచు పద్ధతిని జర్మనీలో 900 మంది స్త్రీలు చక్కగ నేర్చి యాచరింపగా, నియమము తప్పనివారిలో గర్భములు సంవత్సరమునకు నూటికి ఒకటికంటె తక్కువ యని 2007లో ప్రకటింపబడెను. ఆ స్త్రీలకును రామనగరపు స్త్రీలకును గల భేదము బుద్ధిలో లేదు. బోధకుల ఓపికలోను, భర్తల సమ్మతిలోను ఉన్నది.

కావున భర్త లేకుండ భార్యకు మాత్రమే ఈ పద్ధతిని బోధించుట సగము పని. మద్యము త్రాగి వచ్చు భర్త గల స్త్రీకి, తన మాట చెల్లని యింట నున్న స్త్రీకి పూసలదండ నిచ్చి పంపుట, గొడుగు చిల్లు పడినదని తెలిసియు వానలోనికి పంపుట. అట్టివారికి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ దొరకు కాపర్-టి, అంతరా సూది, ఛాయా మాత్రలు మొదలగువానిని గూర్చి చెప్పవలెను. గర్భమే ప్రాణాపాయమగు హృద్రోగ మున్నవారికి దినముల లెక్కను చెప్పనే కూడదు. క్రొత్తగా పుష్పవతులైన బాలికలకు, ముట్లుడుగు వయసు సమీపించినవారికి, ప్రసవమైన కొలదినెలలలో నున్నవారికి, అండకోశములలో నీటితిత్తు లుండి ఋతువు క్రమము తప్పినవారికి లెక్క నిలువదు. బిడ్డకు పాలిచ్చు తల్లుల విషయమున 1988లో ఇటలీయందలి బెల్లాజియోలో వైద్యులు నిర్ణయించిన మూడు నియమములు గలవు: బిడ్డకు ఆరు నెలలు నిండి యుండరాదు, తల్లిపాలు తప్ప వేరాహారము పెట్టరాదు, ముట్టు తిరిగి రాకుండవలెను. మూడును కలిసియున్నంత కాలము నూటికి 98 పాళ్లు రక్షణ గలదు. ఒకటి తప్పినను నమ్మరాదు. అంటువ్యాధులనుండి ఈ పద్ధతి యేమాత్రమును కాపాడదు.

స్మార్టుఫోనులలో ఈ లెక్క వేయు ఆప్‌లు పెక్కు వచ్చినవి. అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ 2018లో నేచురల్ సైకిల్స్ అను దానిని సంతాన నిరోధ సాధనముగ ననుమతించెను. అది ప్రతిదినము కొలిచిన దేహోష్ణముపై నాధారపడును. తక్కినవానిలో అనేకము గడచిన తేదీల సరాసరి తీసి చూపునవే. రంగు రంగుల బొమ్మతో చూపినను, అది గోడ కాలెండరు చెప్పినదానికంటె హెచ్చుగ చెప్పజాలదు.

ఇక సంతానము కోరువారి మాట. వారికి ఈ లెక్క మేలుచేయును. తప్పినను ప్రమాదము లేదు. ఋతువు ముగిసిన కొలదిదినములనుండి జిగురుస్రావము కనబడుచున్నంతవరకు దినము విడిచి దినము కలిసియుండుట చాలును. ముహూర్తము చూచి ఒక్క రాత్రిని నిర్ణయించుకొనుట, ఆ రాత్రికై పదిదినములు ఉపవాసమువలె దూరముండుట అనవసరము. ఉద్యోగార్థమై భర్త దూరదేశమున నుండి సంవత్సరమునకు నెలదినములు మాత్రము వచ్చు కుటుంబములు తెలుగుదేశమున తక్కువ కావు. గల్ఫు దేశములకు పోయినవారి యిండ్లలో అట్టి స్త్రీలనే గొడ్రాండ్రని ఆడిపోసికొనుట వినబడుచుండును. సెలవు దినములు ఆమె ఫలదినములతో కలిసినవో లేదో చూచిన వారెవరు? కలిసియుండిన దంపతులకు ఒక సంవత్సరములోను, స్త్రీకి 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలలోను గర్భము నిలువనిచో వైద్యుని చూడవలెను. ఇరువురును చూపించుకొనవలెను. సంతానలేమి గల జంటలలో ఇంచుమించు సగము మందిలో పురుషుని లోపమునకును పాలు గలదు. శుక్రపరీక్ష స్త్రీకి చేయు పరీక్షలన్నిటికంటె సులభము, చవుక. అయినను అది కట్టకడపట జరుగుట, అంతలోపల రెండవ పెండ్లి మాటలు పుట్టుట లోకమున చూచుచున్నదే.

కార్యాలయముల పని విషయమున రెండు మాటలు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితలలో నూటికి దాదాపు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. అనగా తాత్కాలిక సాధనము లేవియు ఎరుగకయే, ఇరువది యైదేండ్లు నిండీ నిండకముందే ఆపరేషనుతో ముగించినవారు అనేకులు. ఈ లెక్కను నేర్పుట వారి చెల్లెండ్రకును కుమార్తెలకును ఉపకరించును. కాని ఇన్ని కార్డులు పంచితిమి, ఇందరికి బోధించితిమి అని నెలసరి పట్టికలో అంకెలు వేయుటకై దీనిని చేపట్టినచో రామనగరపు దండ గతియే పట్టును. స్త్రీల ఋతుదినములు వ్రాసిన కాగితములు ఆమె యొద్దనే యుండవలెను. పంచాయతి బల్లపైన గాని, వార్డు వాలంటీరు ఫోనులో గాని ఉండదగినవి కావు.

లెక్క తప్పి గర్భము నిలిచినపుడు ఏమి చేయవలెనో కూడ బోధకులకు తెలిసి యుండవలెను. జాగ్రత్త తప్పిన 72 గంటలలోపల వేసికొనదగిన మాత్రలు గలవు. ఎంత త్వరగా వేసిన అంత మేలు. ఆ పిమ్మట, గర్భవిచ్ఛిత్తి చట్టము 1971 నాటిది. సాధన వైఫల్యముచే కలిగిన గర్భమును తొలగించుకొనుటకు అది మొదట వివాహితల విషయముననే యవకాశ మిచ్చెను. 2021 నాటి సవరణచే "వివాహిత, ఆమె భర్త" అను మాటలు పోయి "స్త్రీ, ఆమె సహచరుడు" అను మాటలు చేర్పబడినవి. 20 వారములవరకు ఒక వైద్యుని యభిప్రాయము చాలును. దినముల లెక్కయు ఒక పద్ధతియే గావున, ఆమె చెప్పిన మాటను త్రోసిపుచ్చి, "ఏ సాధనమును వాడలేదు గదా" యని పంపివేయుట చట్టమునకు తగినది కాదు. వారములు లెక్కించునదియు గడచిన ఋతువు మొదటి దినమునుండియే.

ప్రసవ దినమును నిర్ణయించుటకు సైతము ఆ తేదీయే మూలము. దానికి 9 నెలలు, 7 దినములు కూర్పవలెను. జనవరి 10వ తేదీన ఋతువైన స్త్రీకి అక్టోబరు 17వ తేదీ వచ్చును. ఇది 28 దినముల చక్రమున కేర్పడిన లెక్క. 35 దినముల చక్రము గల స్త్రీకి మరియొక వారము చేర్చి అక్టోబరు 24 అని వ్రాయవలెను. చక్రము నిడివి నడుగకయే తేదీ వేసినచో, నెలలు నిండలేదన్న భయమునకు గాని, దినములు దాటినవన్న తొందరకు గాని గురియై, అనవసరముగ నొప్పులు తెప్పించుటయో కోతయో జరుగవచ్చును. అందుచేత గర్భిణుల నమోదు పుస్తకములో "గడచిన ఋతువు మొదటి దినము" అను గడి ప్రక్కనే "చక్రము ఎన్ని దినములు" అను గడి నొకదానిని గీయించుట మంచిది. దాని కొక రూళ్లకర్రయు నొక కలమును చాలును.